శాలువా కప్పేముందు పని చూడాలి

ఏటా జనవరి 26న, ఆగస్టు 15న రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా కేంద్రాల్లోనూ ఒకే దృశ్యం కనిపిస్తుంది. జెండా ఎగిరాక, శకటాలు వెళ్లిపోయాక, ఉత్తమ ఉద్యోగుల జాబితా చదవడం మొదలవుతుంది. శాఖలవారీగా పేర్లు పిలుస్తారు. ఒక్కొక్కరూ వరసలో వచ్చి ప్రశంసాపత్రం అందుకుని, ఫొటోకి నిలబడి, దిగిపోతారు. ఫలానా వ్యక్తి ఏం చేశాడని ఇస్తున్నారో మైకులో వినపడదు. అంత తీరికా ఉండదు, పేర్లు వందల్లో ఉంటాయి మరి. 2019లో తెలంగాణలో ఒక పోలీసు ఆగస్టు 15న ఉత్తమ కానిస్టేబుల్‌గా పత్రం అందుకుని, మరునాడే లంచం తీసుకుంటున్నాడంటూ ఏసీబీకి చిక్కాడు. ఆ వార్త చదివి అందరూ నవ్వుకున్నారు గానీ, జాబితాలోకి పేరు ఎక్కేముందు అతని పనిని ఎవరు చూశారు, ఏ కొలతతో చూశారు అని అడిగినవాళ్లు తక్కువ.

ప్రైవేటు కంపెనీలు దీన్ని ఎగతాళి చేయనక్కర్లేదు. అక్కడ శాలువా బదులు గిఫ్ట్ వోచరు, పరేడ్ మైదానం బదులు టౌన్‌హాల్ మీటింగు, ప్రశంసాపత్రం బదులు లింక్డ్‌ఇన్‌లో పెట్టుకునే బ్యాడ్జీ. వరస మాత్రం అదే. ఈ మూడు నెలలూ ఈ టీముకి, వచ్చే మూడు నెలలూ ఆ టీముకి. ‘ఆర్ అండ్ ఆర్’ (రివార్డులు, రికగ్నిషన్) బడ్జెట్ మార్చిలోగా ఖర్చు కావాలి కాబట్టి చివరి వారంలో గబగబా పేర్లు పంపుతారు. ఇన్ని అవార్డులిచ్చినా ఉద్యోగులు ‘మమ్మల్ని ఎవరూ పట్టించుకోరు’ అంటుంటే యాజమాన్యం నిజంగానే ఆశ్చర్యపోతుంది. గుర్తింపు అంటే ఒకరు మన పనిని దగ్గరగా చూశారన్న కబురు. చూడటం జరగని చోట బహుమతి ఎంత పెద్దదైనా ఆ కబురు చేరదు.

తృప్తి వేరు, మనసు పెట్టడం వేరు

ఉద్యోగుల గురించి కంపెనీలు వాడే ‘ఎంగేజ్‌మెంట్’ అన్న మాటకి తెలుగులో సరిగ్గా సరిపోయే పదం లేదు. ‘మనసు పెట్టి చేయడం’ దగ్గరగా వస్తుంది. దీన్ని ఉద్యోగ తృప్తితో కలిపేయడం మొదటి పొరపాటు. ఇంటికి దగ్గర, పని తక్కువ, జీతం టైముకి వస్తుంది, అడిగేవాళ్లు లేరు: ఇలాంటి ఉద్యోగంలో మనిషి పూర్తి తృప్తిగా ఉండొచ్చు, పనిలో మనసు మాత్రం గోరంత కూడా లేకపోవచ్చు. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది. ప్రభుత్వాసుపత్రిలో ప్రసూతి వార్డు నర్సు జీతం గురించి, డ్యూటీల గురించి రోజూ విసుక్కుంటూనే, బిడ్డ ఏడవకపోతే ప్రాణం పెట్టి పరిగెడుతుంది.

1990లో విలియం కాన్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక వేసవి శిబిరంలో కౌన్సిలర్లనీ, ఒక ఆర్కిటెక్చర్ సంస్థ ఉద్యోగులనీ పరిశీలించి, మనిషి తనని తాను పనిలో ఎప్పుడు పెడతాడు, ఎప్పుడు వెనక్కి లాక్కుంటాడు అన్నది రాశాడు. అతను మూడు పరిస్థితులు తేల్చాడు. ఈ పనికి ఓ అర్థం ఉంది అనిపించాలి. నోరు తెరిచి ఉన్నమాట చెబితే తనకి ముప్పు రాదన్న భరోసా ఉండాలి. పనిలో పెట్టడానికి ఒంట్లో, మనసులో శక్తి మిగిలి ఉండాలి.

ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపెట్టుకుంటే చాలా గందరగోళం తీరుతుంది. మెచ్చుకోలు మొదటిదాన్ని నింపుతుంది. తప్పు ఒప్పుకుని సరిదిద్దినవాణ్ని కూడా మెచ్చుకునే చోట రెండోదానికీ కొంత సాయపడుతుంది. మూడోదాన్ని అది ఏమీ చేయలేదు. వరసగా నాలుగు డబుల్ డ్యూటీలు చేసిన నర్సుకి కావలసింది కేక్ కటింగ్ కాదు, ఐదో రోజు సెలవు. మనుషులు చాలక ఉన్నవాళ్ల మీద భారం వేసి, ఆ భారం మోసినందుకు ‘వారియర్’ బిరుదు ఇవ్వడం కరోనా కాలంలో ఆసుపత్రుల్లో బాగా చూశాం. బిరుదు తీసుకున్నవాళ్లకి అది మొదటి నెల బాగానే ఉండి, మూడో నెలకి వెక్కిరింతలా వినిపించింది.

గాలప్ అనే అమెరికన్ సర్వే సంస్థ ఎంగేజ్‌మెంట్‌ని 12 ప్రశ్నలతో కొలుస్తుంది. అందులో నాలుగోది, గత ఏడు రోజుల్లో మీ మంచి పనికి ఎవరైనా గుర్తింపుగానీ మెప్పుగానీ తెలిపారా అని. ఏడాది అనలేదు, నెల కూడా అనలేదు, ఏడు రోజులు. వార్షికోత్సవంలో ఇచ్చే జ్ఞాపిక ఆ ప్రశ్నకి ఏడాదిలో ఒక్క వారమే జవాబు చెప్పగలదు. ఇదే సంస్థ లెక్కలో 2024లో ప్రపంచవ్యాప్తంగా మనసు పెట్టి పనిచేస్తున్నవాళ్లు 21 శాతం. ఒక జట్టుకీ ఇంకో జట్టుకీ మధ్య కనిపించే తేడాలో 70 శాతం ఆ జట్టు మేనేజర్ వల్లేనని కూడా వాళ్లంటారు. ఈ అంకెల్ని కాస్త అనుమానంతోనే తీసుకోవాలి. సర్వే చేసేదీ వాళ్లే, మందు అమ్మేదీ వాళ్లే. పైగా బాగా నడిచే జట్టులో మెచ్చుకోలు ఎక్కువ కనిపిస్తే, మెచ్చుకోవడం వల్ల బాగా నడిచిందా, బాగా నడవడం వల్ల మెచ్చుకున్నారా అన్నది సర్వే ఒక్కటే తేల్చలేదు. అందుకే కింద కొన్ని ప్రయోగాల ఊసు వస్తుంది.

జీతం లెక్క ముందు తేలాలి

మెచ్చుకోలు గురించి మాట్లాడే కన్సల్టెంట్లు సాధారణంగా దాటవేసే మాట ఒకటుంది. జీతం పదో తారీఖు దాటినా పడని చోట, పీఎఫ్ కోసుకుని కట్టని చోట, ఓవర్‌టైమ్ రాసుకోని చోట గుర్తింపు కార్యక్రమం పెట్టడం పుండు మీద పూలు చల్లడం. అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 203 మంది ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ విచారించి 1959లో అచ్చువేసిన పుస్తకంలో చెప్పింది ఇదే. జీతం, పై అధికారి తీరు, పని పరిస్థితులు, కంపెనీ నియమాలు: ఇవి సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. సరిచేస్తే అసంతృప్తి పోతుంది, అంతే. పనిలో ఉత్సాహం రావడానికి కారణాలు వేరే వరసలో ఉన్నాయి: సాధించామన్న భావన, గుర్తింపు, పనిలోని రుచి, బాధ్యత, ఎదుగుదల. హెర్జ్‌బర్గ్ పద్ధతిని తర్వాతివాళ్లు గట్టిగానే విమర్శించారు. మంచి జరిగితే తన గొప్ప, చెడు జరిగితే కంపెనీ తప్పు అని ఎవరైనా చెబుతారు కదా అని. ఆ విమర్శ న్యాయమైనదే. అయినా ఒక వరసలో ఉన్న లోటుని రెండో వరసలో ఉన్నదానితో పూడ్చలేం అన్న పాఠం మాత్రం పని జరిగే ఏ చోటుకి వెళ్లినా కనిపిస్తుంది.

చట్టప్రకారం రావాల్సినదాన్ని గుర్తింపుగా చూపించడం ఇంకో తరహా తప్పు. 1965 నాటి బోనస్ చట్టం నుంచి ఇప్పటి వేతనాల కోడ్ దాకా, అర్హులైన ఉద్యోగులకి కనీస బోనస్ 8.33 శాతం ఇచ్చి తీరాలి. దాన్ని దసరాకి కవర్లో పెట్టి, యజమాని ఫొటో దిగి, ‘మీ కష్టానికి మా కానుక’ అంటే అందుకున్న కార్మికుడికి లెక్క తెలుసు. అతను పైకి దండం పెడతాడు, లోపల నవ్వుకుంటాడు.

డబ్బే గుర్తింపు కూడా అయ్యే చోటు చూడాలంటే సింగరేణికి వెళ్లాలి. అక్కడ ‘లాభాల వాటా’ అంటే కార్మిక వాడల్లో ఏడాదికోసారి వచ్చే పెద్ద కబురు. ఎంత శాతం ప్రకటిస్తారన్న చర్చ గనిలో, టీ కొట్టులో నెలల ముందే మొదలవుతుంది. వచ్చే డబ్బుకి తోడు, ‘సంస్థ లాభంలో మా చెమట వంతు ఇంత’ అన్న లెక్క దాన్లో ఉంది. 2023–24 లాభాల మీద ప్రకటించిన వాటా 33 శాతం, మొత్తం రూ.796 కోట్లు, కార్మికుడికి సగటున సుమారు రూ.1.90 లక్షలు. గొడవ కూడా ఆ లెక్క దగ్గరే వచ్చింది. ఆ ఏడాది లాభం రూ.4,701 కోట్లు. విస్తరణ కోసమని రూ.2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన రూ.2,412 కోట్ల మీద 33 శాతం కట్టారు. మొత్తం లాభం మీద చూస్తే అది దాదాపు 17 శాతమే కదా అని కార్మిక సంఘాలు నిలదీశాయి. పెట్టుబడికి డబ్బు పక్కన పెట్టడం తప్పేమీ కాదు. కానీ వాటా అనేది ఒక మాట, ఒక నమ్మకం. ఆ శాతాన్ని ఏ మొత్తం మీద కడతారో అది మారితే పైన ఉన్న అంకె పెరిగినా నమ్మకం తరుగుతుంది.

అదే ప్రకటనలో ఇంకో విషయం ఉంది. దాదాపు 25,000 మంది కాంట్రాక్టు కార్మికులకి మొదటిసారి తలా రూ.5,000 ఇచ్చారు. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఇన్నేళ్లూ లెక్కలోనే లేనివాళ్లు మొదటిసారి లెక్కలోకి వచ్చారు, అది చిన్న విషయం కాదు. మరోవైపు, ఒకే ఓపెన్‌కాస్టు గనిలో ఒకే దుమ్ము పీల్చేవాళ్లలో ఒకరికి 1.90 లక్షలు, ఒకరికి 5 వేలు. ఒక మొత్తం చేతికి అందినప్పుడు మనిషి దాన్ని పక్కవాడి మొత్తంతో పోల్చుకున్నాకే దాని అర్థం తేల్చుకుంటాడు. ఈ పోలికని లెక్కలోకి తీసుకోకుండా ఏ గుర్తింపు పథకమూ రాయకూడదు.

ఒక్క కార్డు ఏం చేసింది

డేటా ఎంట్రీ పనికి మూడు గంటల కోసం తీసుకున్న 300 మందికి పైగా మనుషులతో ఐరోపా ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. ఎనిమిదేసి మందిని ఒక గుంపు చేశారు. రెండు గంటలయ్యాక, ముందుగా చెప్పకుండా, కొన్ని గుంపుల్లో అందరికీ, కొన్నింట్లో బాగా చేసిన ముగ్గురికి, కొన్నింట్లో అందరికన్నా మిన్నగా చేసిన ఒక్కరికి ధన్యవాదాల కార్డు ఇచ్చారు. డబ్బు లేదు, కాగితం ముక్క. చివరి గంటలో పని పెరిగింది. ముగ్గురికి ఇచ్చిన చోట బాగా పెరిగింది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం కార్డు అందనివాళ్ల నుంచి వచ్చింది.

మన అనుభవంలో కార్డు రానివాడు ముఖం మాడ్చుకుంటాడు. అక్కడ ఎందుకు పుంజుకున్నాడు? ఒకే గదిలో, ఒకే పని, ఒకే రేటు, అందరి కళ్లెదుటా. ఎవరు బాగా చేశారన్నదానిలో అనుమానానికి చోటు లేదు. ఆ ముగ్గురి చేతిలో కార్డు చూసి మిగతావాళ్లకి ‘బాగా చేయడం అంటే ఇదీ’ అని గీత కనిపించింది, ఆ గీత అందనంత ఎత్తులోనూ లేదు. మన ఆఫీసుల్లో ఆ గీతే కనపడదు. ఎంపిక ఎలా జరిగిందో తెలియనప్పుడు, రానివాడి ఊహ తిన్నగా కులం మీదకో, ఊరి మీదకో, మేనేజర్ పక్కన టీ తాగేవాళ్ల మీదకో పోతుంది. చాలాసార్లు ఆ ఊహ తప్పు కూడా కాదు.

రెండోది అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం కాల్ సెంటర్ సంగతి. పూర్వ విద్యార్థులకి ఫోన్లు చేసి విరాళాలు అడగడం అక్కడి పని. పది ఫోన్లలో తొమ్మిది విసుగ్గా పెట్టేసే రకం. ఆడమ్ గ్రాంట్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగంలో, ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ పొంది చదువుకుంటున్న ఒక విద్యార్థిని తీసుకొచ్చి కొద్ది నిమిషాలు వాళ్లతో మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్లో గడిపిన సమయం, రాబట్టిన డబ్బు రెండూ రెట్టింపు దాటాయి. అక్కడ మేనేజర్ ఎవర్నీ పొగడలేదు. పని చివరికి ఎవరికి చేరుతుందో ఆ మనిషిని ఎదుట కూర్చోబెట్టాడు, అంతే.

ఇది మనకి చాలా తేలిగ్గా అందే పని, ఎవరూ చేయరు. మందుల ప్యాకింగ్‌లో రోజూ పదివేల స్ట్రిప్పులు చూసే అమ్మాయికి ఆ మందు ఏ జబ్బుకో ఒకరు చెప్పి ఉండరు. కస్టమర్ పంపిన ధన్యవాదాల మెయిల్ ఐటీ కంపెనీలో డెలివరీ మేనేజర్ ఇన్‌బాక్సులోనే ఆగిపోతుంది. రాత్రి రెండింటికి లేచి సర్వర్ నిలబెట్టిన కుర్రాడి దాకా రాదు. ఆ మెయిల్‌ని ముట్టుకోకుండా ముందుకి పంపితే చాలు, పైసా ఖర్చు లేదు.

అవార్డు ఎదురుతిరిగే తీరు

అమెరికాలో ఐదు ప్లాంట్లున్న ఒక పారిశ్రామిక లాండ్రీ సంస్థ, ఒక ప్లాంటులో హాజరు అవార్డు పెట్టింది. నెలంతా మానకుండా, ఆలస్యం కాకుండా వచ్చినవాళ్ల పేర్లు చీటీలు వేసి, తగిలినవాళ్లకి 75 డాలర్ల గిఫ్ట్ కార్డు. దీన్ని పరిశీలించిన గబ్లర్, లార్కిన్, పియర్స్ 2016లో ఫలితాలు రాశారు. అర్హత ఉన్నన్నాళ్లూ జనం టైముకి వచ్చారు. ఒకరోజు ఆలస్యమై ఆ నెల అర్హత పోగానే పాత అలవాటుకి దిగిపోయారు. కొందరు ఆలస్యమవుతుందని తెలిస్తే, అర్హత కాపాడుకోవడానికి ఆ రోజు ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసేశారు. అంటే పది నిమిషాల ఆలస్యం పోయి పూర్తి రోజు సెలవు వచ్చింది. అన్నిటికన్నా పెద్ద నష్టం, అవార్డు లేనప్పుడు కూడా ఎప్పుడూ టైముకి వచ్చేవాళ్లలో జరిగింది. వాళ్ల పని వేగం తగ్గింది. మొత్తం ప్లాంటు ఉత్పాదకత 1.4 శాతం పడిపోయింది.

ఆ చివరి ముక్కని అర్థం చేసుకోవాలి. పదేళ్లుగా చెప్పకుండానే టైముకి వస్తున్న మనిషి దాన్ని తన మర్యాదగా అనుకుంటాడు. సోమవారం మంగళవారం ఎగ్గొట్టే పక్కవాడు ఒక్క నెల సరిగా వచ్చి గిఫ్ట్ కార్డు పట్టుకుపోయాడు. పదేళ్ల మర్యాదకి ఇన్నాళ్లూ ఏ లెక్కా లేదని ఆ చీటీల డబ్బా అతనికి చెప్పింది. అప్పటిదాకా ఇష్టంతో చేసినదానికి రేటు కడితే ఇష్టం తగ్గుతుందని ఎడ్వర్డ్ డెసి 1971లోనే విద్యార్థులకి పజిళ్లు ఇచ్చి చూపించాడు.

మన దగ్గర ఆర్టీసీ డిపోల్లో ఇలాంటిదే ఎప్పుడూ నడుస్తుంటుంది. డ్రైవరుకి కేఎంపీఎల్, అంటే లీటరు డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు. కండక్టరుకి ఈపీకే, అంటే కిలోమీటరుకి వచ్చిన రాబడి. ఇవి చక్కటి కొలతలే. రోజూ లెక్క తేలుతుంది, డ్రైవరుకి తన అంకె తనకి తెలుస్తుంది, బాగా చేసినవాణ్ని గేట్ మీటింగులో అందరి ముందూ పిలిచి చెప్పొచ్చు. చిక్కు పోలికలో ఉంది. తిరుమల ఘాట్ ఎక్కే బస్సునీ విజయవాడ–హైదరాబాద్ రోడ్డు మీద సాఫీగా పోయే బస్సునీ ఒకే గీత మీద నిలబెడితే, ఘాట్ డ్రైవరు ఎంత నేర్పరి అయినా ఓడిపోతాడు. పాత ఇంజనుకీ కొత్త ఇంజనుకీ, అమీర్‌పేట సిగ్నళ్లకీ పల్లెవెలుగు రూట్లకీ ఇదే తేడా. కాబట్టి పోల్చాల్సింది అదే రూటులో, అదే రకం బస్సు మీద, కుదిరితే ఆ డ్రైవరు పోయిన మూడు నెలల అంకెతో. రెండో చిక్కు ఇంకా ముదురు. కేఎంపీఎల్ ఒక్కదానికే బహుమతి కడితే దిగుడులో బండిని న్యూట్రల్‌లో దొర్లించే ఆశ పుడుతుంది. న్యూట్రల్‌లో ఇంజన్ బ్రేకింగ్ ఉండదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కితే పట్టవు. అందుకే డీజిల్ బహుమతి ఎప్పుడూ ప్రమాదరహిత సర్వీసుతో, ఫిర్యాదులు లేకపోవడంతో జతగానే ఉండాలి. ఏ ఒక్క అంకెకి బహుమతి కట్టినా ఇదే నియమం: ఆ అంకె కోసం మనిషి ఏం బలిపెట్టగలడో ముందు రాసుకుని, దాన్ని రెండో షరతుగా పెట్టాలి.

ఐటీలో ఎదురుతిరిగేది బెల్ కర్వ్, అంటే ఏ రేటింగ్ ఎంతమందికి ఇవ్వాలో ముందే కోటా కట్టే పద్ధతి. పదిమంది టీములో ఇద్దరికే మంచి రేటింగ్, ఒకరికి తప్పనిసరిగా కింది రేటింగ్ అంటే, ఆ పదిమందీ ఒకరికొకరు సాయపడటం తగ్గిపోతుంది. గట్టివాళ్లంతా ఒకే టీములో ఉండకుండా తప్పించుకుంటారు. మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో దీన్ని వదిలేసింది. రేటింగు మీద ఇంకో చేదు నిజం: 4,492 మంది మేనేజర్లకి వాళ్ల పై అధికారులు, తోటివారు, కిందివారు ఇచ్చిన రేటింగుల్ని స్కల్లెన్, మౌంట్, గాఫ్ 2000లో విశ్లేషిస్తే, తేడాల్లో 62 శాతం రేటింగ్ ఇచ్చేవాడి సొంత తీరు వల్ల వచ్చినవి. పనితీరు వల్ల వచ్చినవి 21 శాతం. మనకొచ్చిన రేటింగ్ మన గురించి కన్నా మన మేనేజర్ గురించే ఎక్కువ చెబుతుందన్నమాట.

‘ఎంప్లాయీ ఆఫ్ ద మంత్’ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఆర్నెల్లు తిరిగేసరికి అది వంతులవారీ అవుతుంది. ఇంకా రానివాడికి ఇవ్వకపోతే బాగుండదు కాబట్టి ఇస్తారు. అందరికీ తెలుసు.

చూసి, చెప్పడం

మెచ్చుకోలు మాటలో నాలుగు ఉండాలి: ఏ సందర్భం, ఏం చేశారు, దానివల్ల ఎవరికి ఏం తప్పింది లేదా ఏం ఒరిగింది, దాన్ని చూసింది ఎవరు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ అనుకుందాం. ‘మీరు చాలా హార్డ్ వర్కింగ్, కీపిటప్’ అన్నది ఎవరికైనా ఎప్పుడైనా అనొచ్చు, కాబట్టి ఎవరికీ తగలదు. ‘మొన్న రాత్రి రెండింటప్పుడు కంప్రెసర్ చప్పుడు మారిందని మీరు కనిపెట్టి, ఆగిపోకముందే స్టాండ్‌బై మీదకి మార్చారు. లేకపోతే తెల్లారేసరికి చాంబర్లో చలి తగ్గి రైతుల టిక్కీలు (మిర్చి బస్తాలు) పాడయ్యేవి. లాగ్ బుక్కులో చూశాను’ అంటే అతనికి రెండు తెలుస్తాయి. తాను చేసిన పనిలో ఏ ముక్క విలువైందో, లాగ్ బుక్కుని ఒకరు నిజంగా చదువుతారని. రెండోది ఇంకా మంచిది, రేపటినుంచి లాగ్ బుక్కు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తాడు.

మెచ్చుకునే ముందు చూడాలి కాబట్టి, చూడటానికి ఒక పద్ధతి కావాలి. సూపర్‌వైజరు దగ్గర చిన్న పుస్తకం, తన కింద ఉన్న ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. కనపడినప్పుడు తేదీ వేసి ఒక్క వాక్యం. శుక్రవారం సాయంత్రం పది నిమిషాలు తిరగేస్తే ఎవరి పేజీ మూడు వారాలుగా ఖాళీగా ఉందో తెలుస్తుంది. ఖాళీ పేజీకి అర్థం సాధారణంగా ఆ మనిషి పని చేయడం లేదని కాదు, సూపర్‌వైజరు అటు వెళ్లడం లేదని. రాత్రి షిఫ్టు, మెయింటెనెన్స్, స్టోర్సు, హౌస్‌కీపింగ్, ఏజెన్సీ మనుషులు ఎప్పుడూ ఈ ఖాళీల్లోనే ఉంటారు. ఏమీ చెడిపోకుండా చూడటమే వాళ్ల పని. చెడిపోనిది ఎవరి కంటికీ కనపడదు. ఒక మనిషి కింద 10–15 మందిని మించి ఉంటే ఈ పుస్తకం నడవదు, అప్పుడు మధ్యలో ఇంకొకరికి బాధ్యత అప్పజెప్పాలి. వారంలో చూసినది వారంలోనే చెప్పాలి. అప్రైజల్ దాకా దాస్తే పులిసిపోతుంది.

అందరి ముందా, విడిగానా? కొత్త పద్ధతి కనిపెట్టినవాణ్ని అందరి ముందూ చెప్పాలి, మిగతావాళ్లు నేర్చుకుంటారు. తోటివాడి తప్పుని కప్పి కాపాడినవాణ్ని విడిగా చెప్పాలి, లేకపోతే ఆ తోటివాడు బజారున పడతాడు. మొహమాటస్తులూ ఉంటారు. స్టేజీ మీదకి పిలిస్తే రెండు రాత్రులు నిద్రపోనివాళ్లకి సంతకంతో రాసిన రెండు వాక్యాల చీటీ చాలు, దాన్ని వాళ్లు బీరువాలో దాచుకుంటారు.

మన దగ్గర ‘ఎదురుగా పొగిడితే ఆయుక్షీణం’ అనే మాట ఉంది. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే అని పెరిగిన మేనేజర్లకి నోరు పెగలదు. వాళ్లకి పనికొచ్చే దారి, పొగడ్త మానేసి ప్రశ్న అడగడం. ‘ఈ బిల్లులు ఇంత తొందరగా ఎలా కలిపారు, మిగతావాళ్లకి కూడా చూపిస్తారా?’ ఇందులో విశేషణం ఒక్కటీ లేదు, గౌరవం నిండా ఉంది. పిలుపు సంగతి కూడా ఇక్కడే. యాభై ఏళ్ల అటెండరుని ఇరవై ఆరేళ్ల మేనేజరు కస్టమర్ల ముందు ‘ఏయ్, ఇలా రా’ అన్నాక, సంవత్సరాంతాన కప్పిన శాలువా దేన్నీ చెరపదు. పేరు పక్కన గారు చేర్చడానికి బడ్జెట్ అక్కర్లేదు.

వస్తువో వోచరో ఇవ్వదలిస్తే పన్ను చూసుకోవాలి. ఉద్యోగికి వస్తువుగా లేదా వోచరుగా ఇచ్చే కానుకల మీద మినహాయింపు హద్దు చాలా ఏళ్లపాటు ఏడాదికి రూ.5,000గా ఉండేది. నగదుకి ఆ మినహాయింపు లేదు, జీతంలో కలుస్తుంది. ఇలాంటి హద్దులు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నిబంధన అకౌంటెంటుని అడగాలి. రూ.10,000 స్పాట్ అవార్డు ప్రకటించి, చేతికి రూ.7,000 వస్తే అది గుర్తుండేది కోత వల్లే. పన్ను కంపెనీయే భరిస్తుందో లేదో ప్రకటించిన రోజే చెప్పాలి.

పనిచేస్తోందా అని ఎలా తెలుస్తుంది

ముందు వదిలి వెళ్లేవాళ్ల ఖర్చు లెక్కేయాలి, ఎందుకంటే ఇదంతా తీరిక వ్యవహారమని యజమాని అనుకునేది ఆ లెక్క చూడకే. నెలకి రూ.25,000 జీతం ఉన్న ఆసుపత్రి బిల్లింగ్ ఉద్యోగి మానేశాడనుకోండి. కన్సల్టెన్సీ ద్వారా కొత్తమనిషిని తెస్తే ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం ఫీజు పోతుంది. కొత్తమనిషి మొదటి రెండు నెలలు సగం పనే చేయగలిగితే ఇంకో రూ.25,000. నేర్పే సీనియర్ సమయం, ఇన్సూరెన్స్ క్లెయిముల్లో దొర్లే పొరపాట్లు దీనికి అదనం. అరవై, డెబ్బై వేలు తేలిగ్గా దాటుతుంది. ఏడాదికి అలాంటివాళ్లు ఆరుగురు వెళ్తే నాలుగు లక్షలు.

ఆ తర్వాత మూడు నెలలకోసారి నాలుగు అంకెలు చాలు: చేరిన ఏడాదిలోపు వెళ్లిపోయినవాళ్లు ఎంతమంది, చెప్పాపెట్టకుండా మానిన రోజులు, కిందనుంచి వచ్చిన సూచనలు ఎన్ని, వాటిలో అమలైనవి ఎన్ని. వీటిని కంపెనీ మొత్తం మీద కాకుండా సూపర్‌వైజరువారీగా చూడాలి. మొత్తం సగటులో మంచి ఫోర్‌మన్ చెడ్డ ఫోర్‌మన్‌ని కప్పేస్తాడు.

సర్వే పెడితే ఐదారుగురికన్నా చిన్న గుంపుల జవాబులు విడిగా బయటపెట్టకూడదు. నలుగురున్న సెక్షన్లో ‘అజ్ఞాత’ జవాబు ఎవరిదో అందరూ పట్టేస్తారు, వచ్చే ఏడు అంతా ‘బాగుంది’ అనే టిక్కు పెడతారు. ఆఫీసు మెయిల్ ఐడీతో లాగిన్ అయి పూరించే ఫారం అజ్ఞాతమని చెబితే ఎవరూ నమ్మరు, నమ్మకపోవడమే తెలివి. సర్వే అయిన నెలలోపు ఫలితాలు గోడమీద పెట్టి, చేయబోయేవి రెండు, చేయలేనివి ఏవో కారణంతో సహా రాయాలి. క్యాంటీన్ గురించి మూడేళ్లు వరసగా అడిగి ఏమీ మార్చని కంపెనీలో నాలుగో ఏడు సర్వే నింపేవాళ్లు కొత్తగా చేరినవాళ్లే.

రాజీనామా ఇచ్చాక చేసే ఎగ్జిట్ ఇంటర్వ్యూలో నిజం అరుదుగా బయటికొస్తుంది. రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం ఇంకా కంపెనీ చేతిలోనే ఉంటాయి, అందుకే అందరూ ‘మంచి అవకాశం వచ్చింది’ అనే అంటారు. మూడు నెలలాగి, కాగితాలన్నీ చేతికందాక, హెచ్‌ఆర్‌లో ఆ టీముతో సంబంధం లేని మనిషి ఫోన్ చేసి ఒక్కటే అడగాలి: వెళ్లిపోవాలని మొదటిసారి అనిపించిన రోజు ఏం జరిగింది? తేదీ సహా చెబుతారు.